మగ్గాల ఊళ్ళ సాకర్: న్యూ ఇంగ్లండ్ తొలి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో సాకర్, అంటే మనం ఫుట్‌బాల్ అనే ఆట, ఎప్పుడు మొదలైందని అడిగితే మనవాళ్ళ దగ్గర మూడు జవాబులు సిద్ధంగా ఉంటాయి. పెలే న్యూయార్క్ కాస్మోస్‌లో చేరిన 1975 అని కొందరు, వరల్డ్ కప్పు ఇక్కడ జరిగిన 1994 అని కొందరు, కుర్రాళ్ళయితే మెస్సీ మయామీలో దిగిన 2023 అని. మూడూ తప్పే. శనివారం పొద్దున్నే పిల్లల్ని ప్రాక్టీసుకు దింపి, గ్రౌండు పక్కన మడత కుర్చీలు వేసుకుని కూర్చున్నప్పుడు ఈ మాట అన్నందుకు నాకు ఎదురైన ప్రశ్నలే ఇవి. కొన్నింటికి పొడుగు జవాబులున్నాయి, కొన్నింటికి రెండు ముక్కలు చాలు.

న్యూ ఇంగ్లండ్ అంటే బోస్టనే కదా? కథంతా అక్కడేనా?

కాదు. న్యూ ఇంగ్లండ్ అంటే అమెరికా ఈశాన్య మూలనున్న ఆరు రాష్ట్రాలు. అందులోనూ మన కథ చాలా చిన్న చోట నడుస్తుంది. మసాచుసెట్స్ దక్షిణ కొసలో ఫాల్ రివర్, న్యూ బెడ్‌ఫర్డ్; పక్కనే రోడ్ ఐలండ్‌లో పటకెట్, ప్రావిడెన్స్. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి కారులో అరగంట. బోస్టన్ ఈ కథలోకి ఆలస్యంగా వస్తుంది, తొందరగా వెళ్ళిపోతుంది.

ఫాల్ రివర్ పేరు ఎక్కడో విన్నట్టుంది అనేవాళ్ళకు: అవును, 1892 ఆగస్టులో లిజీ బోర్డెన్ కేసు జరిగిన ఊరే. తండ్రినీ సవతి తల్లినీ గొడ్డలితో నరికిందన్న నేరం మోపారు, జ్యూరీ నిర్దోషి అని వదిలేసింది. ఊరికి ఈ రోజుకీ ఆ గొడ్డలి పేరే మిగిలింది. అదే ఏడాది అదే ఊరి జట్టు దేశంలోకెల్లా పెద్ద ఫుట్‌బాల్ కప్పు గెలిచిందని ఆ ఊళ్ళోనే చాలామందికి తెలియదు.

అంత చిన్న ఊళ్ళల్లోనే ఎందుకు పుట్టింది?

నూలు వల్ల. ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్ నుంచి వచ్చిన శామ్యూల్ స్లేటర్ నీటి బలంతో తిరిగే నూలు యంత్రాలు పెట్టింది పటకెట్‌లోనే. 1793లో కట్టిన ఆ మిల్లు ఇప్పటికీ నది ఒడ్డున నిలబడి ఉంది. ఆ తర్వాత నూరేళ్ళలో ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నీ మిల్లులతో నిండిపోయాయి. ఫాల్ రివర్‌కు కదుళ్ళ నగరం అనే పేరొచ్చింది. 1920 జనాభా లెక్కల నాటికి ఫాల్ రివర్‌లోనూ న్యూ బెడ్‌ఫర్డ్‌లోనూ చెరి 1,20,000 మంది పైచిలుకు. న్యూ బెడ్‌ఫర్డ్ అంతకుముందు తిమింగలాల వేటకు పేరుమోసిన రేవు. ఆ వేట చచ్చిపోయాక అది కూడా నూలు పట్టుకుంది.

మిల్లు పెట్టగానే సరిపోదు, నడపడం తెలిసిన చేతులు కావాలి. ఆ చేతులు ఇంగ్లండ్‌లోని లాంకషైర్ నుంచి, స్కాట్లండ్‌లోని పైస్లీ, గ్లాస్గో చుట్టుపక్కల నుంచి వచ్చాయి. సరిగ్గా ఆ రెండు ప్రాంతాల్లోనే అప్పుడు ఫుట్‌బాల్ పిచ్చి ముదురుతోంది. వలస వచ్చినవాడు పెట్టెలో బట్టలతో పాటు ఆటనూ తెచ్చుకున్నాడు. వాళ్ళ వెనక ఫ్రెంచ్ కెనడియన్లు వచ్చారు, ఆ వెనక అజోర్స్, మడీరా దీవుల నుంచి పోర్చుగీసువాళ్ళు. వాళ్ళ పిల్లలు బ్రిటిష్ మేస్త్రీల పిల్లలతో కలిసి మిల్లుల మధ్య ఖాళీ స్థలాల్లో ఆట నేర్చుకున్నారు.

పిల్లల్ని కాలేజీకి పంపగల వర్గం మాత్రం ఇంకో దారి పట్టింది. 1874 మే నెలలో హార్వర్డ్ కుర్రాళ్ళు కెనడా నుంచి వచ్చిన మెక్‌గిల్ విద్యార్థులతో ఆడి, రగ్బీ రుచి మరిగారు. ఆ రగ్బీయే రూపు మారుతూ ఇవాళ్టి అమెరికన్ ఫుట్‌బాల్ అయింది. సాకర్ మిల్లు కార్మికుల ఆటగా ఉండిపోయింది. ఈ ఆట తర్వాత ఎందుకు నిలదొక్కుకోలేదో అర్థం కావాలంటే ఈ చీలిక గుర్తుపెట్టుకోవాలి.

బోస్టన్ కామన్‌లో 1862 నాటి ఫుట్‌బాల్ క్లబ్బుకు స్మారక రాయి ఉంది కదా. మొదలు అది కాదా?

ఒనీడా క్లబ్బు రాయి. బడి పిల్లలు 1862 నుంచి అక్కడ ఆడిన మాట నిజమే. ఆడింది మాత్రం చేత్తో పట్టుకుని పరుగెత్తడం, కాలితో తన్నడం రెండూ కలిసిన బోస్టన్ ఆట. సాకర్‌వాళ్ళూ మాదే అంటారు, అమెరికన్ ఫుట్‌బాల్‌వాళ్ళూ మాదే అంటారు. డబ్బిచ్చి ఆడించిన ఆటకూ దానికీ సంబంధం లేదు, అందుకని ఇక్కడికి వదిలేద్దాం.

మొదటి కప్పులు ఎవరు గెలిచారు?

1884లో న్యూజెర్సీలోని న్యూఅర్క్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ పుట్టింది. పేరు అలా ఉన్నా అది సాకర్ సంఘమే. 1885 నుంచి అమెరికన్ కప్పు మొదలైంది. మొదటి మూడేళ్ళూ గెలిచింది న్యూఅర్క్ పక్కనే ఉన్న క్లార్క్ దారం కంపెనీ జట్టు. చూశారా, అక్కడా దారమే.

1888లో ఫాల్ రివర్ రోవర్స్ ఆ కప్పును ఎత్తుకొచ్చారు. 1889లో మళ్ళీ వాళ్ళే. 1890లో అదే ఊరి ఒలింపిక్స్, 1891లోనూ 1892లోనూ అదే ఊరి ఈస్ట్ ఎండ్స్, 1893లో పటకెట్ ఫ్రీ వాండరర్స్. వరుసగా ఆరేళ్ళ పాటు కప్పు ఈ రెండు ఊళ్ళ మధ్యే తిరిగింది. ఒక ఊరి నుంచి మూడు వేర్వేరు జట్లు దేశపు కప్పు గెలిచాయంటే వీధి వీధికీ జట్టు ఉండేదనే.

అమెరికా తొలి ప్రొఫెషనల్ లీగ్ కూడా ఇక్కడిదేనా?

కొంతవరకే. అది ఒక తమాషా కథ. 1894లో బేస్‌బాల్ యజమానులకు ఒక ఆలోచన వచ్చింది: బేస్‌బాల్ అయిపోయాక మైదానాలు ఖాళీగా పడి ఉంటున్నాయి, వాటిలో సాకర్ ఆడిస్తే టికెట్లు అమ్ముకోవచ్చు. బోస్టన్, బ్రూక్లిన్, న్యూయార్క్, ఫిలడెల్ఫియా, బాల్టిమోర్, వాషింగ్టన్, మొత్తం ఆరు జట్లు. జట్లకు బేస్‌బాల్ పేర్లే పెట్టారు. అక్టోబర్ 6న లీగ్ మొదలైంది. నెల తిరక్కుండానే మూసేశారు.

ఆటలు మామూలు పని రోజుల్లో, మధ్యాహ్నం పెట్టారు. సాకర్ చూసేవాళ్ళు అప్పుడు మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో ఉంటారు మరి. పైగా బాల్టిమోర్ జట్టు ఇంగ్లండ్ నుంచి ఆటగాళ్ళను దించుకుని వాషింగ్టన్‌ను 10–1తో చిత్తు చేసింది. పరాయి దేశంవాళ్ళను తెచ్చారని గొడవ, ప్రభుత్వం ఆరా తీస్తుందని పుకార్లు. అదే సమయంలో పోటీగా ఇంకో బేస్‌బాల్ లీగ్ వస్తుందన్న మాట పుట్టేసరికి యజమానులకు సాకర్ మీద మోజు పోయింది.

ఈ లీగ్ ఫాల్ రివర్‌నూ పటకెట్‌నూ అసలు పిలవలేదు. ఆట ఉన్న చోటు వదిలేసి బేస్‌బాల్ మైదానాలున్న చోట లీగ్ పెట్టారు. నా మటుకు దాన్ని న్యూ ఇంగ్లండ్ సాకర్ చరిత్రలో అరపేజీ కంటే ఎక్కువ ఇవ్వను.

మరి ఆ రోజుల్లో ప్రొఫెషనల్ అంటే ఏమిటి? జీతాలు ఇచ్చేవారా?

మన దగ్గర రైల్వే జట్టు, పోలీసు జట్టు, బ్యాంకు జట్టు అంటే ఎలా అర్థమవుతుందో ఇదీ అలాగే. ఉద్యోగం పేరుకు ఉంటుంది, అసలు పని ఆట. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు గురించి పెద్దవాళ్ళు చెప్పగా విన్నవాళ్ళకు వేరే వివరణ అక్కర్లేదు.

పటకెట్‌లోని జె అండ్ పి కోట్స్ దీనికి మంచి ఉదాహరణ. స్కాట్లండ్‌లోని పైస్లీలో పుట్టిన దారం కంపెనీ అది. మన ఇళ్ళల్లో కుట్టుమిషన్ల మీద తిరిగిన దారపు రీళ్ళ మీద కూడా కోట్స్ పేరు చాలామంది చూసే ఉంటారు. పటకెట్‌లో వాళ్ళకు పెద్ద మిల్లు ఉండేది, మిల్లుకు సొంత మైదానం, మైదానానికి సొంత జట్టు. బాగా ఆడేవాడికి మిల్లులో తేలికైన పని, ఆటకు విడిగా డబ్బు.

దేశం మొత్తానికి జరిగే నేషనల్ ఛాలెంజ్ కప్పు 1914లో మొదలైతే, ఆ మొదటి ఫైనల్ ఆడింది ఈ కోట్స్ మైదానంలోనే. ఆడినవి రెండూ బ్రూక్లిన్ జట్లు. బ్రూక్లిన్ ఫీల్డ్ క్లబ్బు 2–1తో బ్రూక్లిన్ సెల్టిక్‌ను ఓడించింది. ఇద్దరూ న్యూయార్క్‌వాళ్ళయినా ఆట పటకెట్‌లో పెట్టారు. జనం వచ్చేది ఇక్కడికే కాబట్టి.

అప్పట్లో అభిమానులు గొడవ చేసేవారా?

1916 ఫైనల్ అడగండి. అదే కోట్స్ మైదానం. ఫాల్ రివర్ రోవర్స్ ఒకవైపు, పెన్సిల్వేనియాలోని ఉక్కు కంపెనీ జట్టు బెత్లెహెమ్ స్టీల్ ఇంకోవైపు. ఆట చివర్లో బెత్లెహెమ్‌కు పెనాల్టీ దొరికింది, దానితో 1–0. ఫాల్ రివర్ అభిమానులు మైదానంలోకి దూకారు, రిఫరీని కాపాడడం గగనమైంది.

మరుసటి ఏడాది అదే రెండు జట్లు, అదే మైదానం. ఈసారి ఆట మొదలైన నిమిషంలోపే రోవర్స్ తరఫున టామ్ స్వార్డ్స్ గోల్ కొట్టాడు. మిగతా 89 నిమిషాలూ దాన్ని కాపాడుకుని 1–0తో లెక్క సరిచేశారు. 1918లో మూడోసారి తలపడ్డారు, మొదటి ఆట 2–2, తిరిగి ఆడితే బెత్లెహెమ్ 3–0. ఈ స్వార్డ్స్ మామూలువాడు కాదు: 1916 ఆగస్టులో అమెరికా జాతీయ జట్టు మొట్టమొదటిసారి స్టాక్‌హోమ్‌లో ఆడి స్వీడన్‌ను 3–2తో ఓడించినప్పుడు కెప్టెన్ అతనే.

అసలైన లీగ్ ఎప్పుడు వచ్చింది?

1921లో, అమెరికన్ సాకర్ లీగ్ పేరుతో. దాని వెనకున్న మనిషి టామస్ కేహిల్, అంతకుముందు జాతీయ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. న్యూయార్క్, న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల నుంచి బలమైన జట్లనూ దక్షిణ న్యూ ఇంగ్లండ్ జట్లనూ ఒక్క తాటి మీదకు తెచ్చాడు. మొదటి ఏడాది ఎనిమిది జట్లు. మనవైపు నుంచి మూడు: జె అండ్ పి కోట్స్, ఫాల్ రివర్ యునైటెడ్, హోల్యోక్ ఫాల్కోస్. హోల్యోక్ పని ఒక్క ఏడాదితో సరి.

రెండో ఏడాది, 1922–23లో, దారం మిల్లు జట్టు కోట్స్ లీగ్ గెలిచింది. ఆ తర్వాత మూడేళ్ళు ఫాల్ రివర్. 1926–27 ఒక్కటి బెత్లెహెమ్‌కు పోయింది. 1927–28 బోస్టన్, 1928–29 మళ్ళీ ఫాల్ రివర్. ఏడేళ్ళలో ఆరు టైటిళ్ళు ఈ నాలుగైదు ఊళ్ళకే. న్యూయార్క్‌లో జనం ఉన్నారు, బెత్లెహెమ్‌లో ఉక్కు డబ్బుంది, ట్రోఫీ మాత్రం మిల్లుల పక్కకే వచ్చేది.

శామ్ మార్క్ ఎవరు? రాష్ట్ర సరిహద్దు మీద స్టేడియం కట్టాడంటారు, నిజమేనా?

నిజమే, నాకు ఈ కథంతటిలో అన్నిటికంటే నచ్చే ముక్క ఇదే.

శామ్ మార్క్ అసలు పేరు శామ్యూల్ మార్కెలెవిచ్. ఫాల్ రివర్ వ్యాపారి. 1922లో ఫాల్ రివర్ యునైటెడ్‌ను కొని, దానికి తన పేరు కలిసొచ్చేలా మార్క్స్‌మెన్ అని పెట్టాడు. గురి చూసి కొట్టేవాళ్ళు అని కూడా అర్థం వస్తుంది. ఒక దెబ్బకు రెండు పిట్టలు.

ఇప్పుడు అతని చిక్కు చూడండి. మిల్లు కార్మికుడికి పూర్తి సెలవు దొరికేది ఆదివారం. మసాచుసెట్స్‌లో మాత్రం పాత ప్యూరిటన్ చట్టాల ప్రకారం ఆదివారం నాడు టికెట్టు పెట్టి ప్రొఫెషనల్ ఆట ఆడించకూడదు. ఎంత పట్టుదలగా ఉండేవారంటే, బోస్టన్‌లో ఆదివారం ప్రొఫెషనల్ బేస్‌బాల్‌కు దారి తెరుచుకుంది 1928 నవంబరులో ఓటర్లు ఒప్పుకున్నాకే. మార్క్ అప్పటిదాకా ఆగదలచుకోలేదు. ఫాల్ రివర్ దక్షిణపు అంచు దాటితే రోడ్ ఐలండ్ రాష్ట్రం, నార్త్ టివర్టన్ అనే ఊరు. అక్కడ ఆ అడ్డంకి లేదు. సరిహద్దు గీతకు అవతల సాకర్ కోసమే 15,000 మంది పట్టే స్టేడియం కట్టాడు. ఫాల్ రివర్ జనం ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోంచేసి, ట్రాములెక్కి పక్క రాష్ట్రానికి వెళ్ళి తమ ఊరి జట్టును చూసి వచ్చేవారు.

దేశంలో సాకర్ కోసమని ప్రత్యేకంగా కట్టిన తొలి స్టేడియాల్లో అది ఒకటి. అమెరికాలో మళ్ళీ ఆ అలవాటు పుట్టడానికి డెబ్బై ఏళ్ళు దాటింది.

మార్క్స్‌మెన్ అంత గొప్ప జట్టా?

1923–24లో లీగూ కప్పూ రెండూ గెలిచారు. కప్పు ఫైనల్‌కు సెయింట్ లూయిస్ దాకా రైల్లో వెళ్ళి, వాళ్ళ సొంతగడ్డ మీద వెస్పర్ బ్యూయిక్‌ను 4–2తో కొట్టి వచ్చారు. 1927 ఫైనల్లో డెట్రాయిట్ జట్టు హాలీ కార్బ్యురేటర్ మీద 7–0. 1930లో మళ్ళీ కప్పు. హాలీ కార్బ్యురేటర్ అన్న పేరు చూసి నవ్వకండి. కార్బ్యురేటర్ కంపెనీ, బీమా కంపెనీ, తాపీ మేస్త్రీల సంఘం, బట్టల దుకాణం, అందరికీ అప్పుడు జట్లుండేవి.

మొదట్లో గోల్స్ కొట్టింది హెరాల్డ్ బ్రిటన్, ఇంగ్లండ్‌లో చెల్సీకి ఆడి వచ్చినవాడు. తర్వాతి రోజుల్లో గోల్ కాసింది జానీ రీడర్, పోలండ్‌లో పుట్టినవాడు. ఈ రీడర్ 1932లో బోస్టన్ రెడ్ సాక్స్ బేస్‌బాల్ జట్టుకు కూడా ఆడాడు.

స్కాట్లండ్ పత్రికలు అమెరికాను తిట్టిపోశాయట, ఎందుకు?

ఆటగాళ్ళను ఎత్తుకుపోయారని. 1924లో బోస్టన్‌లో వండర్ వర్కర్స్ జట్టు పెట్టారు. స్కాట్లండ్ క్లబ్బులైన రేంజర్స్ నుంచి టామీ మూర్‌హెడ్, మోర్టన్ నుంచి అలెక్ మెక్‌నాబ్ వచ్చేశారు. ఇద్దరూ స్కాట్లండ్ జాతీయ జట్టుకు ఆడినవాళ్ళు. గ్లాస్గో పత్రికలు దీన్ని అమెరికన్ పీడ అని రాశాయి. మూర్‌హెడ్ ఏడాది తిరక్కుండా రేంజర్స్‌కే వెళ్ళిపోయాడు, మెక్‌నాబ్ మాత్రం అమెరికాలోనే స్థిరపడ్డాడు.

అక్కడి క్లబ్బులతో ఒప్పందం ఉండగానే వచ్చేసిన ఆటగాళ్ళ సంగతి ఫిఫా దాకా వెళ్ళింది. 1927లో హెల్సింకీలో జరిగిన సమావేశంలో అమెరికా సంఘం సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. ఇవాళ యూరప్ నుంచి ముప్పై ఆరేళ్ళ ఆటగాడు అమెరికా వస్తే విశ్రాంతికి వచ్చాడంటారు. అప్పుడు పాతికేళ్ళవాళ్ళు వచ్చేవారు.

ఆడవాళ్ళు ఆడేవారా?

ఒకసారి వచ్చి ఆడి వెళ్ళారు, అదీ మగవాళ్ళతో. ఇంగ్లండ్‌లోని ప్రెస్టన్ నుంచి డిక్ కెర్ ఫ్యాక్టరీ మహిళల జట్టు 1922లో అమెరికా పర్యటనకు వచ్చింది. అంతకు ముందు ఏడాది డిసెంబరులో ఇంగ్లండ్ సంఘం తన క్లబ్బుల మైదానాల్లో ఆడవాళ్ళు ఆడరాదని నిషేధం పెట్టింది. ఇక్కడికి వచ్చాక ఎదురుగా నిలబెట్టింది మగ జట్లనే. పటకెట్‌లో, ఫాల్ రివర్‌లో, న్యూ బెడ్‌ఫర్డ్‌లో ఆడారు, కొన్ని గెలిచారు కూడా. ఆ జట్టులోని లిలీ పార్ తన్నిన బంతి గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. పర్యటన అయిపోయింది, వాళ్ళు ఓడెక్కారు, ఇక్కడ ఆడపిల్లల జట్లు పెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

జనం నిజంగా అంత వచ్చేవారా, లేక పాత రోజుల గొప్పలా?

1926 మే 1న న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌లో హకోవా వియెన్నా జట్టు ఆడితే 46,000 మంది వచ్చారు. అది న్యూయార్క్ లెక్క, పైగా యూదుల జట్టు కాబట్టి ఆ ఊరి యూదులు కదిలి వచ్చారు. మామూలు లీగ్ ఆటలకు అందులో పదోవంతు వచ్చినా గొప్పే. ఫాల్ రివర్ లెక్క వేరు: ఊరి జనాభా 1,20,000 అయితే స్టేడియంలో 15,000 చోటు. ఇప్పటి ఏ నగరంలోనైనా ఆ నిష్పత్తిలో కట్టి చూడండి.

సాకర్ యుద్ధం అంటే ఏమిటి?

ఎవరూ చావలేదు, లీగ్ మాత్రం చావుబతుకుల్లో పడింది.

లీగ్ యజమానులకు నేషనల్ ఛాలెంజ్ కప్పుతో పేచీ ఉండేది. సీజన్ మధ్యలో కప్పు ఆటలు దూరతాయి, మధ్య పశ్చిమం దాకా ప్రయాణాల ఖర్చు, గేటు డబ్బులో సంఘానికి వాటా. 1924–25లోనే ఒకసారి లీగ్ జట్లు కప్పును బహిష్కరించాయి. 1928 శరదృతువులో తెగేదాకా లాగారు. కప్పులో ఎవరూ ఆడొద్దని లీగ్ ఆజ్ఞ. బెత్లెహెమ్ స్టీల్, న్యూయార్క్ జెయింట్స్, న్యూఅర్క్ వినలేదు. లీగ్ వాళ్ళను వెలివేసింది. జాతీయ సంఘం లీగ్‌నే వెలివేసి, ఆ మూడు జట్ల చుట్టూ ఈస్టర్న్ లీగ్ అని పోటీ దుకాణం తెరిపించింది.

లీగ్ పక్షాన గట్టిగా నిలబడినవాళ్ళలో చార్ల్స్ స్టోన్‌హమ్ ఒకడు, న్యూయార్క్ బేస్‌బాల్ జెయింట్స్ యజమాని. ఫాల్ రివర్, న్యూ బెడ్‌ఫర్డ్ జట్లు లీగ్ వైపే ఉన్నాయి. దాంతో బెత్లెహెమ్ మీద ఫాల్ రివర్ అనే పదేళ్ళ పాత పగ, టికెట్లు అమ్ముడుపోయే ఆట, ఏడాది పాటు మాయం. 1929 అక్టోబరులో రాజీ పడ్డారు. అదే నెలలో వాల్ స్ట్రీట్ కూలింది.

తప్పు ఎవరిది అని అడుగుతారు. ప్రయాణ ఖర్చుల గురించి యజమానుల మాటలో న్యాయం ఉంది. కానీ సొంత బలం ఎంతో చూసుకోకుండా దిగారు. బేస్‌బాల్‌లో యజమాని మాటే వేదం. సాకర్‌లో పైన ఫిఫా ఒకటుందని వాళ్ళ తలకెక్కలేదు.

1930 వరల్డ్ కప్పులో అమెరికా సెమీఫైనల్ ఆడిందంటే ఆ ఆటగాళ్ళంతా అరువు తెచ్చుకున్న బ్రిటిష్‌వాళ్ళే కదా?

ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. పదహారు మంది జట్టులో బ్రిటన్‌లో పుట్టినవాళ్ళు ఆరుగురు. వాళ్ళలోనూ చాలామంది కుర్రతనంలోనే అమెరికా చేరి ఇక్కడే ఆటగాళ్ళయినవాళ్ళు. మిగతా పదిమందీ ఇక్కడ పుట్టినవాళ్ళే.

మాంటెవిడియోలో బెల్జియం మీద 3–0, పరాగ్వే మీద 3–0. సెమీఫైనల్లో అర్జెంటీనా చేతిలో 6–1 తేడాతో ఓటమి. అప్పుడు మార్చి ఆడించే ఆటగాళ్ళు లేరు, దెబ్బలు తగిలినవాళ్ళు కుంటుతూ ఆడారు.

పరాగ్వే మీద మూడు గోల్సూ కొట్టింది బెర్ట్ పాటెనోడ్. 1909లో ఫాల్ రివర్‌లో ఫ్రెంచ్ కెనడియన్ కుటుంబంలో పుట్టినవాడు, అప్పటికి ఇరవై ఏళ్ళు. వరల్డ్ కప్పు చరిత్రలో అదే మొదటి హ్యాట్రిక్, తేదీ 1930 జులై 17. రికార్డుల్లో మాత్రం రెండో గోల్ ఇంకొకరి ఖాతాలో పడింది. రెండు రోజుల తర్వాత మెక్సికో మీద మూడు కొట్టిన అర్జెంటీనావాడు స్టాబిలే పేరు మొదటి హ్యాట్రిక్‌గా దశాబ్దాలు నిలిచిపోయింది. ఫిఫా తప్పు సరిదిద్దింది 2006 నవంబరులో. పాటెనోడ్ 1974లో, సరిగ్గా తన అరవై అయిదో పుట్టినరోజు నాడు పోయాడు.

ఆ తరంలో ఒక్కడి పేరు గుర్తుపెట్టుకోవాలంటే?

బిల్లీ గొన్‌సాల్వెస్. 1908లో రోడ్ ఐలండ్‌లోని పోర్ట్స్‌మత్‌లో పుట్టాడు, అమ్మానాన్నలు మడీరా దీవివాళ్ళు. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, రెండు కాళ్ళతోనూ తుపాకీ దెబ్బలా తన్నేవాడు. బేస్‌బాల్ దిగ్గజం బేబ్ రూత్‌తో పోల్చి, అమెరికన్ సాకర్ బేబ్ రూత్ అన్నారు అతన్ని.

నేషనల్ ఛాలెంజ్ కప్పు 1930 నుంచి 1935 దాకా వరుసగా ఆరేళ్ళు ఏ జట్టు గెలిచినా అందులో గొన్‌సాల్వెస్ ఉన్నాడు. జట్లు అతని చుట్టూ కూలిపోతున్నాయి, పేర్లు మార్చుకుంటున్నాయి; కప్పు మాత్రం అతని వెంటే తిరిగింది. మొదటిది ఫాల్ రివర్‌తో. 1931లో శామ్ మార్క్ జట్టునే న్యూయార్క్‌కు తరలించి యాంకీస్ అని పేరు పెట్టాడు. కప్పు పోటీలో మొదట నమోదైన పేరు ఫాల్ రివర్ కాబట్టి, గెలిచాక రికార్డులో ఫాల్ రివర్ అనే ఎక్కింది. ఆ ఫైనల్ మొదటి ఆటలో షికాగో బ్రిక్‌లేయర్స్ మీద పాటెనోడ్ ఒక్కడే అయిదు గోల్స్ కొట్టాడు. 1932లో న్యూ బెడ్‌ఫర్డ్ వేలర్స్. ఆ ఫైనల్లో ఓడింది సెయింట్ లూయిస్‌లోని ఒక బట్టల దుకాణం జట్టు, స్టిక్స్ బేర్ అండ్ ఫుల్లర్. మరుసటి ఏడాది గొన్‌సాల్వెస్ అదే దుకాణం జట్టులో ఉన్నాడు. 1934, 1935 ఫైనల్స్‌లో అతను ఓడించింది తన సొంత ప్రాంతపు జట్టును, పటకెట్ రేంజర్స్‌ను. పాత కోట్స్ జట్టు అప్పటికి ఆ పేరుతో బతుకుతోంది. పని ఎక్కడ దొరికితే అక్కడికి పోవాల్సిన రోజులు, ఎవరినీ అనడానికి లేదు.

అంతా ఎందుకు కూలిపోయింది?

సాకర్ యుద్ధం వల్ల అంటారు కొందరు, 1929 ఆర్థిక మాంద్యం వల్ల అంటారు చాలామంది. రెండూ కారణాలే. కానీ ఈ ఊళ్ళకు దెబ్బ అంతకుముందే మొదలైంది.

ఇరవైల్లోనే నూలు మిల్లులు దక్షిణాదికి తరలిపోతున్నాయి. కరోలినాల్లో కూలి తక్కువ, యంత్రాలు కొత్తవి, పత్తి చేలు పక్కనే. ఇక్కడి మిల్లుల యజమానులు కూలి కోయడం మొదలుపెట్టారు. 1928 ఏప్రిల్‌లో న్యూ బెడ్‌ఫర్డ్ మిల్లులు జీతాల్లో పది శాతం కోత ప్రకటిస్తే వేలాది మంది సమ్మెకు దిగారు, అది ఆరు నెలలు నడిచింది. అదే ఏడాది ఫిబ్రవరిలో ఫాల్ రివర్‌లో, మూతపడి కూల్చేస్తున్న ఒక మిల్లులో మంటలంటుకుని ఊరి నడిబొడ్డు తగలబడిపోయింది. 1931 నాటికి ఫాల్ రివర్ నగరపాలన అప్పులు కట్టలేక చేతులెత్తేసింది, లెక్కల పెత్తనం రాష్ట్రం చేతుల్లోకి పోయింది.

జీతం లేనివాడు టికెట్టు ఎక్కడ కొంటాడు? శామ్ మార్క్ జట్టును న్యూయార్క్ తీసుకుపోయింది ద్రోహమని ఆ ఊరివాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు. నేను అంత మాట అనను. ఊరే మార్క్ చేతుల్లోంచి జారిపోయింది. బెత్లెహెమ్ స్టీల్ జట్టు 1930లోనే రద్దయింది. బోస్టన్, ప్రావిడెన్స్ ఒకదాని వెంట ఒకటి పోయాయి. 1933తో మొదటి అమెరికన్ సాకర్ లీగ్ ముగిసింది. తర్వాత అదే పేరుతో చిన్న లీగ్ ఒకటి వచ్చింది కానీ ఆ డబ్బూ ఆ జనమూ లేవు.

బేస్‌బాల్ కూడా అదే మాంద్యంలో బతికింది కదా అని అడగొచ్చు. బతికింది. దానికి దేశమంతా అభిమానులున్నారు, ఒక ఊరు పోతే ఇంకో ఊరు. సాకర్‌కు ఉన్నవి మిల్లులూ ఉక్కు ఫ్యాక్టరీలూ ఓడల యార్డులూ. 1921, 1924 వలస చట్టాలు యూరప్ నుంచి కొత్తవాళ్ళు రాకుండా తలుపులు చాలావరకు మూసేశాయి. ఉన్నవాళ్ళ పిల్లలు బడిలో బేస్‌బాల్ నేర్చుకున్నారు.

ఆట పూర్తిగా చచ్చిపోయిందా?

ప్రొఫెషనల్ ఆట పోయింది, వీధి ఆట పోలేదు. ఫాల్ రివర్ పోర్చుగీసు పేటల జట్టు పోంటా డెల్‌గాడా 1947లో అమెచ్యూర్ కప్పూ ఓపెన్ కప్పూ (ఇందాకటి నేషనల్ ఛాలెంజ్ కప్పే) రెండూ గెలిచింది. ఆ ఏడాది హవానాలో జరిగిన ఉత్తర అమెరికా పోటీకి ఆ జట్టునే అమెరికా జట్టుగా పంపారు. మెక్సికో చేతిలో, క్యూబా చేతిలో చిత్తుగా ఓడి వచ్చింది. కానీ ఆ జట్టులోని జాన్ సూజా, ఎడ్ సూజా 1950 వరల్డ్ కప్పులో ఇంగ్లండ్‌ను 1–0తో ఓడించిన అమెరికా జట్టులో ఉన్నారు. ఇంటిపేరు ఒకటే, చుట్టాలు కారు.

ఆ తర్వాత బోస్టన్‌కు ప్రొఫెషనల్ జట్లు వచ్చాయి, పోయాయి. 1968లో బీకన్స్, ఒక్క సీజన్. డెబ్బైల్లో మినిట్‌మెన్, పోర్చుగీసు జనాన్ని చూసి పోర్చుగల్ మేటి ఆటగాడు యుసేబియోను తెచ్చారు. 1978 నుంచి టీ మెన్, యజమాని లిప్టన్ టీ కంపెనీ. కంపెనీ పేరున జట్టు అనే పాత పద్ధతికి అదే ఆఖరి మెరుపు. ఇప్పుడున్న రెవల్యూషన్ 1996లో మొదలైంది.

సాకర్ అనాలా, ఫుట్‌బాల్ అనాలా?

అసోసియేషన్ అనే మాటను ఇంగ్లండ్ విద్యార్థులు చెక్కి చేసిన ముద్దుపేరే సాకర్. అమెరికన్ల సృష్టి కాదు. ఇక్కడి జాతీయ సంఘం 1913లో పెట్టుకున్నది ఫుట్‌బాల్ అసోసియేషన్ అనే పేరే; సాకర్ అనే మాట అందులోకి వచ్చింది 1945లో. ఏదన్నా పర్వాలేదు.

ఇప్పుడు వెళ్తే చూడటానికి ఏమైనా మిగిలిందా?

మార్క్ స్టేడియం లేదు. ఫాల్ రివర్‌లో నల్లరాతి మిల్లులు చాలావరకు అలాగే ఉన్నాయి, కొన్ని దుకాణాలుగా, కొన్ని అపార్ట్‌మెంట్లుగా మారి. పటకెట్‌లో స్లేటర్ మిల్లు చూడొచ్చు. కోట్స్ వాళ్ళ పాత దారం మిల్లు భవనాల్లో పెద్దది ఒకటి 2020 మార్చిలో కాలిపోయింది.

పిల్లలతో వెళ్ళేవాళ్ళకు ఒక సలహా. 2024 నుంచి రోడ్ ఐలండ్ ఎఫ్‌సీ అనే ప్రొఫెషనల్ జట్టు ఉంది. 2025 మేలో వాళ్ళకు పటకెట్‌లోనే నది ఒడ్డున 10,500 మంది పట్టే కొత్త సాకర్ స్టేడియం తెరిచారు. స్లేటర్ మిల్లు పొద్దున చూసి, దగ్గర్లో ఏదైనా పోర్చుగీసు హోటల్లో భోంచేసి, సాయంత్రం ఆటకు వెళ్ళండి. వేసవిలో కూడా స్వెట్టర్ పట్టుకెళ్ళండి, చీకటి పడ్డాక నది గాలి చల్లగా ఉంటుంది.